జేబు రొట్టెలో ప్రాణం

1994 జనవరి 9, ఆదివారం

చర్చి నుంచి వస్తూ ఝపటాపూర్ బేకరీ దగ్గర ఆగాను. బేకరీ నడిపే కాకా కీమా బన్నులు పొయ్యిలోంచి లాగుతున్నాడు. లోపలికి కీమా ఎలా వెళ్లింది? కోసిన గుర్తు లేదు, అతుకు కనబడదు. అడిగితే నవ్వాడు. పచ్చి పిండిలోనే పెట్టి మూతి మూసేస్తాడట. ఇన్నేళ్లూ కాల్చిన తర్వాత కుక్కుతారనుకున్నాను, తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన — ఇలాంటివి చేసి ఫ్రీజర్‌లో పెడితే ఎన్నాళ్లుంటాయి?

జనవరి 10

రైల్వే నుంచి వచ్చిన ఉత్తరం మళ్లీ తీసి చదివాను. బుకింగ్ క్లర్కు ట్రైనింగ్. ఫిబ్రవరి 7న చక్రధర్‌పూర్‌లో హాజరు కావాలి. ఆరు వారాలు, హాస్టల్లో. ఇంటికి ఆదివారం ఒక్కటే. వెళ్లకపోతే పేరు కొట్టేస్తారు. మళ్లీ పరీక్ష రాయడానికి నాకు వయసు దాటిపోతుంది.

ఆయన వర్క్‌షాప్ నుంచి వచ్చి సంతోషించారు. ఆ వెంటనే, మరి రూతుకి ఎవరు వండుతారు అన్నారు. కూతురికి పదకొండేళ్లు, తండ్రికి నలభై. ఆకలి ఆయనది, పేరు దానిది.

అత్త ఏమీ అనలేదు. నేను కాపురానికొచ్చిన రోజే గరిటె నా చేతికిచ్చి, పన్నెండేళ్లుగా పొయ్యి ముఖం చూడలేదు.

జనవరి 12

కాకా దగ్గర ఈస్ట్ తెచ్చాను. గోరువెచ్చని నీళ్లు, చిటికెడు పంచదార. గిన్నె ముందే కూర్చున్నాను. నురగ... బుడగలు... కదులుతోంది, నిజంగానే కదులుతోంది. పప్పు మాడింది.

అత్త ముక్కు ఎగబీల్చింది — ఇంట్లో కల్లు వాసన. తిన్నగా వెళ్లి కొడుకు నోరు వాసన చూసింది. పాపం, ఆయన ఏ పాపమూ ఎరగని రోజు ఇదొక్కటే.

జనవరి 16

ఆలూ కూర పెట్టి కాల్చాను. రూతు వీటికి జేబు రొట్టెలని పేరు పెట్టింది. ఆగలేక వేడివేడిగానే ఫ్రీజర్‌లో తోశాను. సాయంత్రం తీసి వేడి చేస్తే లోపల నీళ్లు, అడుగంతా తడిసిన అట్ట.

కాకాని అడిగాను. ఠండా హోనే దో దీదీ, చల్లారనివ్వు, అంతే అన్నాడు. ఆవిరి ఎక్కడికి పోతుంది, లోపలే కదా కూర్చుంటుంది! ఇంత చిన్న సంగతి ఎందుకు తట్టలేదో.

జనవరి 19

మొన్న పూర్తిగా చల్లార్చి, బ్రెడ్డు కాగితాల్లో చుట్టి పెట్టాను. మూడు రోజుల తర్వాత తినాలనుకున్నా, రెండో రోజే తీశాం. ఆగితేగా. ఆయన మూడు తిన్నారు. రూతు రెండు.

అత్త పళ్లెం పక్కకి తోసేసింది. పొద్దున్నే చద్దన్నం తింటావు కదా అత్తా అన్నాను.

"ఒక్క రేత్రికైతే సద్ది. నెల్లాళ్లకైతే పీనుగే," అంది. "సచ్చినోన్నే మూడ్రోజులుంచరు. నువ్వు కూడుని ఉంచుతానంటవేటే?"

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

జనవరి 24

ఆయన చొక్కా తగిలిస్తూ, నా వైపు చూడకుండా — "అమ్మ తిననంటే నువ్వెలాగెల్తవు?"



జనవరి 27

కోపంతోనో కుతూహలంతోనో, నాలుగు కాల్చకుండా పచ్చివే ఫ్రీజర్‌లో పెట్టాను. మంచులో ఈస్ట్ చచ్చిపోతుందా, నిద్రపోతుందా? కాకాకీ తెలీదట. అతని పొయ్యి ఆరిందే లేదు, మంచు సంగతి అతనికేం తెలుస్తుంది.

జనవరి 30

పొద్దున్న ఆరుకి కరెంటు పోయింది. మధ్యాహ్నం మూడుకి కూడా రాలేదు. మా రైల్వే క్వార్టర్లు, ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా ఇదే గోల. ఫ్రిజ్ కింద మడుగు. కాల్చినవన్నీ తడిసి ముద్ద. మూటకట్టి పారేశాను. పచ్చివి నాలుగూ పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పేసి, పెరట్లో కూర్చున్నాను. ట్రైనింగ్ కల అయిపోయిందనుకున్నాను. అత్త గెలిచిందనుకున్నాను. ఏడ్చాను కూడా, దాపరికమెందుకు.

ఇంతలో లోపల్నుంచి అత్త పిలుపు — ఇలగొచ్చి సూడు.

గుడ్డ పైకి లేచి ఉంది. నాలుగూ రెట్టింపయ్యాయి. ఒకటి పిగిలి ఆలూ బయటికి చూస్తోంది. అత్త వేలితో నొక్కింది. గుంట పడింది... మెల్లగా మళ్లీ నిండింది. మళ్లీ నొక్కింది. ఎన్నిసార్లు నొక్కిందో.

"దీనికి పేనం ఉన్నాదే."

అత్త నా వైపు తిరిగింది.

"పేనం ఉన్నది పీనుగెలాగవుద్ది? కాల్సు."

మందపాటి పెనం, చిన్న మంట, పైన మూత. ఒకటిన్నర తింది. ఉప్పు తక్కువట.

ఫిబ్రవరి 2

అయితే కాల్చి కాదు, పచ్చివే దాచాలి. బడి నుంచి రాగానే రూతు తీసి గుడ్డ కప్పుతుంది. పొంగాక ఆయన కాలుస్తారు. ఇవాళ నేర్పాను. వర్క్‌షాప్‌లో ఇనుము వంచే మనిషి, రొట్టె తిప్పడానికి రెండు చేతులూ పెట్టారు. రెండు మాడాయి. మూడోది తినదగ్గది.

ఫిబ్రవరి 6

ఇరవై నాలుగు. ఫ్రీజర్‌లో అంతకన్నా పట్టవు. రేపు పొద్దున్నే బండి. కరెంటు పోకుంటే చాలు ప్రభువా.

ఫిబ్రవరి 10, చక్రధర్‌పూర్

ఛార్జీల పట్టికలు, దూరాలు, రాయితీలు. బాగుంది, చాలా బాగుంది! పన్నెండేళ్ల తర్వాత బెంచీ మీద కూర్చోవడం. హాస్టల్ పప్పులో పప్పుని వెతకాలి. ఈపాటికి ఇంట్లో గుడ్డ కప్పి ఉంటారా... పొంగాయా...

ఫిబ్రవరి 13, ఆదివారం

ఇంట్లో ఉన్నాను. రైల్లో వస్తున్నంతసేపూ పని వరస పెట్టుకున్నాను — దిగగానే మైదా, పిండి నానేలోపు కూర, మధ్యాహ్నానికి ఇరవై నాలుగు. బ్యాగు దించకుండానే ఫ్రీజర్ తెరిచాను.

నిండుగా ఉంది.

నావి కావు. నావి గుండ్రం. ఇవి కజ్జికాయల్లా మడిచి, అంచు మెలితిప్పి ఉన్నాయి. ఒకటి విరిచి చూశాను. ఎండు రొయ్యలు, వంకాయ. రూతుని అడిగితే నాయనమ్మ నిన్న చేసిందని చెప్పింది. మొన్న బుధవారానికే నావి అయిపోయాయట. పక్క క్వార్టర్ల వాళ్లకి కూడా పెట్టిందట.

అత్త చర్చి చీర కట్టుకుంటోంది.

"ఆరు రోజులు సదువుకొచ్చినావు, ఆదివారం పడుకో," అంది.

పడుకున్నాను. నిద్ర రాలేదు. ఇదే కదా నేను కోరుకున్నది. నేను లేకపోయినా ఇల్లు ఆగకూడదని, అత్త తినాలని, నేను వెళ్లాలని. అన్నీ జరిగాయి. సంతోషంగానే ఉంది. అయినా ఎక్కడో చురుక్కుమంటోంది, ఎవరితో అనను?

వాళ్లు చర్చికి వెళ్లాక ఒకటి కాల్చుకుని తిన్నాను. నాదానికంటే మెత్తగా ఉంది. చాలా మెత్తగా. పిండిలో ఏం కలిపిందో — గంజా, పుల్లటి మజ్జిగా? అడగాలి. వాళ్లు తిరిగొచ్చాక, అత్త ఉన్న వంటింటి గుమ్మం దాకా ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. నోరు రావడం లేదు.