ఎదురుగా కూర్చుని విన్న మాట

ఆదోని

చిరంజీవి కృపకు,

అమ్మ ముద్దులతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనూ నాన్నా బాగున్నాం, నువ్వూ అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది. మొన్న ఎమ్మిగనూరు పోయి మీ పిన్నిని చూసి వచ్చాడు.

నువ్వు పని చేసే ఆసుపత్రి వార్డులో నీ మాట ఎవరూ వినడం లేదని, ఏం చేయాలని అడిగావు. మా పత్తి మిల్లులో జరిగింది రాస్తాను, చదువు.

మేస్త్రిగా నా చేతి కింద నాగవేణి అని హాలహర్వి అమ్మాయి ఉంది. మంచి పనిమంతురాలు. పోయిన వారం ఉన్నట్టుండి తన మిషను దగ్గర నిలబడనని మొండికేసింది. మేనేజరు అయ్యన్న, "పొగరెక్కింది, పంపించేయ్" అన్నాడు. నేను ఆమెను బయట నీడలో ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"మిషను కాడ నిలబడనంటాండావు. అంతేనా?"

"అంతే గాదక్కా."

నేను ఆమె పెదాల వైపే చూస్తూ ఉన్నాను. ఆమె కొంగు నలుపుకుంటూ మొదలుపెట్టింది.

"ముందు సేసిన మిల్లులో మా వదిన కొంగు బెల్టులో పడింది. నా కండ్ల ముందరే సెయ్యి పోయింది. ఈడ గూడా బెల్టు మీద మూత ఊడిపోయింది. ఆ మూత లేకుండా దాని కాడికి పోలేనక్కా."

"పనంటే గాదు, మూత లేదని భయం. అట్లేనా?"

"అట్లే అక్కా" అని ఏడ్చేసింది.

అదే మాట అయ్యన్నకు చెప్పి, మూత బిగించేదాకా మిషను నడపనివ్వలేదు. ఇప్పుడు నాగవేణి అక్కడే పని చేస్తోంది. ఆమె మొదటి మాటకే నేను జవాబు చెప్పి ఉంటే రెండోది బయటికి వచ్చేది కాదు. మీ వార్డువాళ్లు నీ మాట వినడం లేదు, సరే. వాళ్ల మాట నువ్వు చివరిదాకా విన్నావా?

అయ్యన్న అందరితో, "ఎస్తేరమ్మ మాదిరి ఇనేది నేర్చుకోండప్పా" అంటున్నాడు. ఆ పొగడ్త నాకు గుచ్చుకుంది, తల్లీ. మిల్లు రొదకు నా ఎడమ చెవి పోయింది. కుడిది సగమే. పెదాలు చూడకపోతే మాట అందదు. తప్పు విన్నానేమోనని ప్రతి మాటా తిరిగి అడుగుతాను. ఫోను చేయవద్దని, ఉత్తరమే రాయమని నీకు చెప్పింది ఇందుకే. నీకు చెప్పనని నాన్నతో ఒట్టు వేయించుకున్నాను. మేస్త్రి పని పోతుందని మిల్లులోనూ దాచాను.

నిన్న అయ్యన్నకు చెప్పేశాను. పొమ్మంటాడనుకున్నాను. ఆయన కుర్చీ నా ముందుకు జరుపుకుని, నిదానంగా, "ఈడ పని సేసేకి నీకేం గావాలో సెప్పమ్మా" అన్నాడు. నేను ఆ మాట తిరిగి ఒకసారి అడిగాను. ఆయన తొందర పెట్టలేదు. చివరికి, రొద లేని తూకం దగ్గరికి మార్చమన్నాను. సరేనన్నాడు.

సెలవు దొరకగానే రా. చెవుల డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉంది.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అమ్మ
ఎస్తేరు