ఎడమ కంటి నీళ్లు

మోతె, మంగళవారం రాత్రి

ఇవాళ సూర్యాపేట దవాఖానలో డాక్టర్ చూసి, నా ఎడమ కంటి నుంచి ముక్కులోకి నీళ్లు పోయే దారి మూసుకుపోయిందన్నాడు. అందుకే ఎప్పుడూ కారుతోందట. ఆపరేషన్ చేసి కొత్త దారి పెడితే ఆగిపోతుందట.

మా ఆయన పోయినప్పటి నుంచీ నేను ఏడుస్తూనే ఉన్నానని ఊరంతా అనుకుంటోంది. నాకు అసలు ఏడుపే రాలేదని ఎవరికీ తెలియదనుకున్నాను. వచ్చే నెలే సంవత్సరీకం. చుట్టాలందరి ముందూ ఈ కన్ను పొడిగా ఉంటే?

ఆపరేషన్ సంగతి చెప్పగానే అత్తమ్మ మెల్లగా అంది: "సంవత్సరీకం అయినంక చేయించుకో బిడ్డా. నీ కుడి కన్ను ఒక్కనాడు గూడ తడవలే. నేను సూస్తనే ఉన్న."

కొడుకును పోగొట్టుకున్న మనిషి. అంతా తెలిసే, ఇన్నాళ్లూ నలుగురిలో నా ఎడమ కన్ను తన కొంగుతో తుడుస్తోంది.