పెంచలయ్య వేసిన పెద్దవల

రమణమ్మా,

బాగుండావా? నువ్వు పోయి పదినెలలు దాటింది. తిట్టేవాళ్లు లేక నా నోరు మరీ చెడిపోయింది. ఆ సంగతే చెబుదామని కూర్చున్నా. కంగారుపడొద్దు... చివరికి అంతా మంచే జరిగింది.

నెల కిందట మన పెంచలయ్య యుద్ధం ఓడ మీద నుంచి కార్డు రాసినాడు. "నాయనా, ఇక్కడ పెద్దవల వేస్తన్నాం. ఒక కొస గట్టున, ఒక కొస నీళ్లలో, పైన గద్దలు. చుట్టేసిందాకా ఉత్తరం రాయను." అంతే.

కోడలు కామాక్షి చదివి చెప్పమని ఎదురుగా కూర్చుంది. చదివినా. ముక్క అర్థం కాలా. యుద్ధం ఓడలో వాళ్లకి చేపలెందుకు? అర్థం కాలేదని కోడలి ముందు ఒప్పుకోడానికి నామోషీ... నా చదువు రెండో తరగతేనని నీకొక్కదానికే కదా తెలుసు. అందుకని నవ్వేసి, "నీ మొగుడు అక్కడ ఎవత్తెకో వల వేసినాడమ్మే, ఇంక నీకు సవతే" అన్నా.

ఊరికే అన్నా. అదేమో నమ్మేసింది! మూడు రోజులు నాతో మాట్లాడలా. పులుసులో ఉప్పు వెయ్యలా. "నీ నోటికి గాలం వెయ్యాలయ్యా" అనేదానివే నువ్వు... ఆ మాటే గుర్తొచ్చింది.

నాలుగో రోజు ఉప్పుచేపలు అమ్మడానికి విడవలూరు పోయినా. పంచాయితీ రేడియో చుట్టూ జనం. మనవాళ్లు గోవా మీదికి పొయ్యారంట. నేల మీద పటాలాలు, సముద్రం మీద ఓడలు, పైన విమానాలు... చుట్టేసినారంట. తట్ట జారి కింద పడింది. గట్టు... నీళ్లు... గద్దలు. మన బిడ్డ రాసింది ఆ వల సంగతి, రమణమ్మా!

ఇంటికొచ్చి కామాక్షికి చెప్పినా. పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. తర్వాత, "మామా, నువ్వు చెప్పిందే నిజమైతే బాగుండేది. సవతి ఉన్నా మనిషి ఉంటాడు" అనింది. నేను బయటికి పోయి చిరగని వలకి కుట్లు వేస్తా కూర్చున్నా.

రెండు రోజుల్లో గోవా మనదైందన్నారు. ఊళ్లో బెల్లం పంచినారు. మాకు కార్డు మాత్రం రాలా. పోస్టుమాను సైకిలు మన గుడిసె దాటి పోతానే ఉంది... ఇరవై రోజులు. మన బిడ్డ నీ దగ్గరికి రాలేదు కదా అని నిన్ను ఎన్నిసార్లు అడిగినానో. వినపడిందా? నువ్వు పలకలా...

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాడే దిగినాడు. చిక్కినాడు, నల్లబడినాడు. కాళ్లూ చేతులూ తడిమి చూసినా, అన్నీ ఉండాయి.

పెద్దోళ్లు ముందునించే పటాలు గీసి పెట్టుకున్నారంట. ఏ ఓడ ఎక్కడ నిలవాల, విమానాలు ఎప్పుడు రావాల, అంతా. ఎక్కడికి పోతన్నదీ ఇంటికి రాయకూడదంట. అందుకే మన వల మాటల్లో రాసినాడు. "నలభై ఏళ్లు వల లాగినోడివి, నీకు తెలీదా నాయనా?" అన్నాడు. ఏం చెప్పమంటావు?

ఫిరంగుల మోతకి ఎడమ చెవి సరిగా వినపడదంట. కామాక్షి నా నిర్వాకమంతా కుడి చెవి దగ్గర కూర్చుని మరీ చెప్పింది. ఇద్దరూ కలిసి నన్ను ఒకటే ఆటపట్టిస్తన్నారు. పడుతున్నా. ఎంత హాయిగా ఉందో...

ఇప్పుడు నీ కొడుకు నట్టింట్లో గుర్రుపెడతన్నాడు. మనవరాలు వాడి పొట్ట మీదే నిద్రపోయింది. కోళ్లు లోపలికి పోకుండా నేను గుమ్మంలో కూర్చుని రాస్తన్నా. నువ్వు కూడా ఇంక నిమ్మళంగా పడుకో. వాడు లేచేదాకా నేను ఇక్కణ్ణించి కదలను.

నీ వాగుడుకాయ మొగుడు