సాబ్ మీద మావోడు నిలవడ్డడు

సోమవారం, 3

మల్లేశ్ నామినేషన్ ఓకే అయ్యిందట. కాయితాలల్ల ఏదో తప్పు దొరుకుతది, తీసేస్తరు, కొడుకు ఇంట్ల కూసుంటడు — గదే అనుకున్న నేను. మైసమ్మకు మొక్కిన సుత. ఏ తల్లన్న కొడుకు పేరు పోవాలె అని మొక్కుతదా... నేను మొక్కిన. పొద్దుగాల్నుంచి గుండె దడ. బీపీ గోలీ ఏసుకున్ననో లేదో యాదికి లేదు. మళ్ళ ఏసుకుంటే మరీ పడిపోతదేమో. ఏసుకోలే.

కోడలు సరిత నవ్వుతుంది. "అత్తమ్మా, ఇది కార్పొరేటర్ ఎలక్షన్. బార్డర్ కాదు."

బార్డర్ల ఎవరు కాలుస్తరో తెలుస్తది బిడ్డా. ఇక్కడ తెల్వదు.

మంగళవారం, 4

ఇయ్యాల ఏం గాలే. ఏం గాకపోతే ఇంక బుగులు.

బుధవారం, 5

అంతా ఆ నాలా తోటి వచ్చింది. మొన్నటి వానలకు మోరీ నీళ్ళు మంచం పట్టె దాంక. మా గల్లీ గల్లీ అంతా. మల్లేశ్ మున్సిపల్ ఆఫీసుకు పోయిండు, ఒక్కపారి గాదు. బయట బెంచీ మీద కూసోవెట్టిన్రు. "హవల్దార్ సాబ్, మీ కార్పొరేటర్ తోటి చెప్పియ్యిండ్రి" అన్నరట. ఇంటికొచ్చి బూట్లు ఇప్పుకుంట — "అయితే నేనే కార్పొరేటర్ అయిత." కోపంల అన్నడనుకున్న. వాడు కోపంల ఏదీ అనడు. గదే నా తక్లీఫ్.

సాయంత్రం ఇంకో మాట. పెద్ద పార్టీ పేరు మీద నామినేషన్ ఏసినోళ్ళల్ల ఆఖరికి టికెట్ కర్నల్ సాబ్‌కు ఇచ్చిన్రట. మన వార్డుకే. మల్లేశ్ మిలిట్రీల చేసినప్పటి సాబ్. నేరేడ్‌మెట్ల ఇంకెవరు దొరకలేదా దేవుడా.

గురువారం, 6

నిద్ర లేదు. పాతవన్ని యాదికొస్తున్నయ్.

స్పెషల్ ఫోర్సు సెలక్షన్‌కు సాబ్, మావోడు ఒక్కపారే పోయిన్రు. సాబ్ అప్పుడు కొత్త లెఫ్టినెంటు, మావోడు సిపాయి. ఆడ సాబ్ లేదు, సిపాయి లేదు — అందరు బురదలనే, అందరికి తిట్లే. నెలలకు నెలలు. నేను బోయిన్‌పల్లి మార్కెట్ల ఆకుకూర కట్టలు గంపలకెత్తుకుంట ఏడ్సేదాన్ని. పక్కింటి మేరీ టీచరమ్మ ఇంట్ల ఫోన్ మోగితే గుండె ఆగేది. మోగకపోతే సుత ఆగేది.

వచ్చిన నాడు గేటు కాడ నిలవడ్డడు. "ఎవలయ్యా" అన్న. కన్న కొడుకును. కాళ్ళకు గోర్లు లెవ్వు. చెంపలు లోపటికి పోయినయ్.

అన్నం తినుకుంట ముక్కలు ముక్కలు చెప్పిండు. నిద్రపోనియ్యరట. ఆఖర్ల పెద్ద నడక, ఈపు మీద మూట, రాత్రి లేదు పగలు లేదు. రోడ్డు పక్కన బండి ఆపుకొని ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌లు కూసుంటరట — వేడి వేడి చాయ్, పూరీలు. "రా బేటా, కూసో. చాలు. ఎవ్వరేమనరు." కూసున్నోడు అయిపాయె, సామాన్ సదురుకొని పాత యూనిట్‌కు పోవుడే. మంచి మంచి పహిల్వాన్లు ఆ చాయ్ కాడనే కూసున్నరట. మావోడు సుత అటు మర్లిండు. ముందట నడిచేది ఈ సాబే, అప్పటి చిన్న సాబ్, ఎన్కకు సూడకుండనే — "బండి వైపు చూడకు మల్లేశ్. నా బూట్లు చూడు."

గా బూట్లు సూసుకుంటనే నడిచిండు, నెగ్గిండు.

గసొంటి మనిషి మీద నిలవడుడేంది. కండ్లు పోతయ్.

శనివారం, 8

పరువు పాయె.

కూరగాయల దుకాణాల మూలమల్ప కాడ రెండు గుంపులు ఎదురైనయ్. సాబ్ జీపు దిగిండు. అంతే — మావోడు ధన్‌మని సావధాన్, సెల్యూట్. ఎన్కాల ఉన్న రిటైరు జవాన్లు ఇద్దరు సుత. ఓట్లు అడగవోయినోళ్ళు ఎదిరి పార్టీకి సెల్యూట్ గొట్టి నిలవడ్డరు. సాబ్ సుత అలవాటు కొద్ది తిరిగి గొట్టిండు. అటు దిక్కు పోరగాళ్ళు సీటీలు. ఎవరో వీడియో తీసిన్రు. పొద్దుగూకేటాళ్ళకు అందరి ఫోన్లల్ల అదే.

పాలాయన అడుగుతుండు — "అవ్వా, మల్లేశన్న ఓటు సుత సాబ్‌కే ఏస్తడా ఏంది?"

నవ్వుకు అన్నడు. గని దుకాణం కాడ నలుగురు అన్నది నవ్వుకు గాదు. సాబ్‌ను జూస్తే లేసి నిలవడేటోడు, ఆఫీసర్లతోటి ఏం కొట్లాడ్తడు...

సరిత వంటింట్లకు పోయింది. గిన్నెల సప్పుడే.

"ఆ చెయ్యి జెర దించుకొని ఉండరాదు?" అన్న వాణ్ణి.

"చెయ్యి నన్నడిగి లేస్తదా అమ్మా."

ఆదివారం, 9

సాబ్ ఇంటికొచ్చిండు. ఒక్కడే. కండువ లేదు, జెండ లేదు. నా కాళ్ళు మొక్కవోయిండు, ఎన్కకు జరిగిన. చాయ్ పెట్టిన. చక్కెర ఎక్కువైందేమో. గంత పెద్దాయనకు షుగర్ ఉందో ఏమో, అడగలే.

"కూర్చో మల్లేశ్, ఇది నీ ఇల్లు" అంటడు. మావోడు కూసోడు. గోడకు ఆన్కోకుండ నిలవడ్డడు.

సాబ్ మెల్లగ చెప్పిండు. రేపు మూడింటి దాంక టైముంది, పేరు వెనక్కి తీసుకో. మిలిట్రీ ఓట్లు మనమే చీల్చుకుంటే మూడోవాడు గెలుస్తాడు. "నాలా నా మొదటి పని. మాట ఇస్తున్నా. నువ్వు నా పక్కనే ఉంటావు. చాలు మల్లేశ్. ఎవ్వరూ ఏమనుకోరు."

నాకు పానం లేసొచ్చింది. ఒప్పుకో, ఒప్పుకో... లోపట లోపట గదే. పల్లెంల ఇంకిన్ని బిస్కిట్లు పెట్టిన.

మావోడు మెల్లగ నవ్విండు. "సాబ్, ఈపారి చాయ్ బండి కాడ మీరే కూసున్నరు."

సాబ్ చేతిల కప్పు దిక్కు సూసుకున్నడు. ఇగ అయిపాయె, కోపమొచ్చింది అనుకున్న. పకపక నవ్విండు. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు. చాయ్ మొత్తం తాగి లేసిండు.

గేటు కాడ — "సరే, నడువు. ఈసారి నా బూట్లు మాత్రం చూడకు."

సోమవారం, 10

నిన్నటి మాట పోతలేదు. బండి కాడ సాబ్ ఒక్కడే కూసున్నడా. నేను ఎప్పటి సంది కూసున్న. చాలు బిడ్డా, ఇంటికొచ్చెయ్, ఎవరేమంటరు — ఫోన్ల గదే, ఎదురుంగ గదే. వాడు ఏనాడు నన్నొక్క మాటనలే.

పన్నెండు. ఒంటిగంట. వాడు బండి తుడుసుకుంట కూసున్నడు. మోటర్‌సైకిల్ అద్దంలెక్క మెరుస్తుంది, ఇంక తుడుస్తనే ఉన్నడు.

మూడయ్యింది. పోలే.

ఎన్కకు తీసుకునే దినం గదా. నేనే తీసుకున్న. మైసమ్మా, ఆ మొక్కు ఇడిసెయ్యి తల్లీ. ముసల్ది బుగులుకు మొక్కింది. కోపం జెయ్యకు.

మంగళవారం, 11

గుర్తు ఇచ్చిన్రు. బకెట్. తుపాకి పట్టినోనికి బకెట్. నాకు ఏడుపొచ్చింది. మేరీ టీచరమ్మ నడిమి గోడ మీదికెళ్ళి తొంగిసూసి — "మంచి గుర్తండీ లచ్చమ్మ గారూ. మొన్న వానల్లో ఇంట్లో నీళ్ళు ఎత్తిపోసింది దాంతోనేగా."

గా మాట నిజమే.

గురువారం, 13

సరిత ఏ.ఎస్. రావు నగర్ల బట్టల దుకాణంకు సెలవు వెట్టి మల్లేశ్ ఎంబడి తిరిగింది. వచ్చి కుర్సీల కూలవడ్డది. "అత్తమ్మా, మీ కొడుకు ఓట్లు అడుగుతలేడు. గేట్ల కాడ డ్యూటీ చేస్తుండు."

బెల్లు కొడ్తడట. సక్కగ నిలవడ్తడట. "నా పేరు మల్లేశ్. గుర్తు బకెట్." అయిపాయె. మర్లి నడుసుడే. ఒకామె కొరియర్ అనుకొని, సైన్ ఎక్కడ పెట్టాలె అన్నదట.

అన్నం పెట్టుకుంట అడిగిన. "నాకు ఓటెయ్యిండ్రి అని నోరు తెరిసి అనరాదు?"

"వస్తలేదమ్మా." తల్కాయ లేపలే. "సెలక్షన్ల నీళ్ళడిగినోనికి నీళ్ళియ్యలే. మూట బరువున్నదన్నోని మూటల ఇంకో రాయి ఏసిన్రు. అడుగుడు అన్నది ఆడనే పోయింది."

ఇంకింత పప్పు ఏసిన.

శుక్రవారం, 14

నేను పోయిన ఎంబడి.

మోకాళ్ళకు నూనె రాసుకొని. పడ్తనేమో, కుక్క ఎంబడి వడ్తదేమో, ఎవరన్న తలుపు మొకం మీద ఏస్తరేమో... అనుకుంటనే పోయిన. అడుగుడు నాకు రాకపోతే ఎవరికొస్తది. గీ గల్లీలల్లనే గంప నెత్తిన వెట్టుకొని తిరిగిన.

మొదటి గేటు కాడ నోరు దానంతటదే — "అమ్మా, తోటకూరా..." అన్నది. మల్లేశ్ నవ్వాపుకోలేక అటు దిరిగిండు. లోపట్నుంచి నా పాత బేరం సుజాతమ్మ వచ్చింది.

"లచ్చవ్వా, ఎన్నాళ్ళకు. కొత్తిమీర కొసరేసేదానివి. ఇప్పుడేం కొసరేస్తవ్?"

"నా కొడుకునే ఏస్తున్న."

"అబ్బో. కొసరుకా, తూకానికా?"

"తూకానికైతే నువ్వు మొయ్యలేవు. కొసరుగనే తీస్కో. గుర్తు బకెట్. మర్సిపోకు తల్లీ, నీ కాళ్ళు మొక్కుత, మావోనికి ఓటెయ్యి."

నవ్వుకుంట లోపలికి పిలిచింది, నీళ్ళిచ్చింది. వాడు తాగుకుంట నా దిక్కే సూస్తుండు. బయటకొచ్చినంక — "గింత అల్కగ అడగొచ్చా అమ్మా?"

అల్కగ ఏంది. "అడిగేటప్పుడు అందరికి వణుకే బిడ్డా. గంప నెత్తి మీదుంటే కనవడదు, గంతే."

మధ్యాహ్నం దాంక తిరిగినం. రెండిండ్లల్ల తలుపు తియ్యలే. ఒకాయన సాబ్ బొమ్మ చూపెట్టి నవ్విండు. ఇంటికొచ్చి గోలీ ఏసుకున్న. ఏసుకున్న — రాసి వెట్టిన, రేపు యాదికుండాలె.

ఆదివారం, 16

కాలనీ పార్కుల మీటింగ్. షామియాన కిందికి, ఎలక్షన్ల నిలవడ్డోళ్ళందర్ని పిలిచిన్రు. టీచరమ్మ, నేను ఎన్క కుర్సీలల్ల.

సాబ్ వచ్చిండు. మావోడు లేసిండు. మళ్ళ సెల్యూట్. నేను కొంగు నోట్ల కుక్కుకున్న.

కండ్లద్దాల ఆయన ఒకాయన మైకు తీసుకున్నడు. "మల్లేశ్ గారూ, సాబ్ కనబడితే లేచి నిలబడతారు. రేపు పెద్ద పెద్ద ఆఫీసర్ల దగ్గర మా నాలా గురించి ఎట్ల మాట్లాడతారు?"

నవ్వులు. అందరివి. భూమి పగిలితే బాగుండు.

"నిలవడే మాట్లాడ్త సార్" అన్నడు మావోడు. "బెంచీ మీద కూసొని చూసిన. పని గాలే."

ఎవరు అడగకుండనే సాబ్ లేసిండు. "మొన్న పేరు వెనక్కి తీసుకోమని నేనే వెళ్ళి అడిగాను. అటెన్షన్‌లో నిలబడి కాదన్నాడు. అంత మర్యాదగా నాకు ఎవ్వరూ కాదనలేదు." మళ్ళ నవ్వులు, ఈపారి వేరే తీరు. "ఓటు మాత్రం నాకే వెయ్యండి" అని కూసున్నడు. తెలివిగలాయన.

మావోడు కూసోలే. మైకు వట్టుకొని అట్లనే. ఎంతసేపో. మాట మర్సిపోయిండా, కండ్లు తిరుగుతున్నయా... లేవబోయిన. టీచరమ్మ ఆపింది.

"నాకు మీ ఓటు గావాలె" అన్నడు. "అడుగుతున్న. ఏసి గెలిపియ్యిండ్రి."

మైకు కిందవెట్టి రెండు చేతులు జోడించిండు. చేతులు వణికినయ్. గంత దూరంకెళ్ళి నాకు కనవడ్డది.

చప్పట్లు మరీ ఎక్కువ గాలే. అయితే ముందట కుర్సీల సాబ్ సుత కొడ్తుండు.

సోమవారం, 17

ప్రచారం బంద్. సప్పుడు లేదు. వాడు పగలంతా పండుకున్నడు. చిన్నప్పటిలెక్క నోరు తెరిసి.

మంగళవారం, 18

ఓటేసిన. ఏసినంక సుత అక్కడ్నే నిలవడ్డ, సరిగ్గ పడ్డదో లేదో అని. "నడువమ్మా" అన్నరు.

బయట లైన్ల కర్నల్ సాబ్ భార్య. కనవడనట్టు పోదామనుకున్న. ఆమెనే పిలిచింది — "మీవాడి వల్ల మా ఆయన ఎన్నడూ లేనిది గల్లీ గల్లీ నడిచాడండీ. రోజూ మోకాళ్ళకి కాపడం."

"మావోని కాళ్ళు సుత గట్లనే ఉన్నయమ్మా."

ఇద్దరం నవ్వుకున్నం. ఆమెకు సుత నాలెక్క బుగులు, రందే. మొకం చూస్తే తెలుస్తలేదా.

గురువారం, 20

ఓట్ల లెక్క షురూ అయ్యిందట. మల్లేశ్, సరిత ఆడికే పోయిన్రు. టీవీల మన వార్డు పేరు వస్తలేదు.

ఇన్నేండ్లు వాడు పానంతోటి ఇంటికి రావాలె అని రంది. అది అలవాటైంది. గెలవాలె అన్న రంది కొత్త. బాగనే ఉంది... బాగుందని అనొద్దు, దిష్టి.

టీచరమ్మ గోడ మీదికెళ్ళి — "ముందున్నాడటండీ." జెరసేపాగి — "కాదట, సాబ్ ముందటండీ. ఇంకా సగమే లెక్కపెట్టారట." ఆమె చెయ్యి సుత ఆగుతలేదు, గోడ పెచ్చులు గిల్లుతుంది.

బియ్యం ఎంత పొయ్యాలె. గెలిస్తే జనం వస్తరు. ఓడితే... ఎంబడి తిరిగినోళ్ళు, ఎండల కాళ్ళరిగినోళ్ళు రారా. వాళ్ళకాకలి గాదా. సాబ్ సుత రావచ్చు, ఎట్లైనా.

పడ్తనేమో అనుకుంటనే స్టూల్ ఎక్కి సజ్జ మీది పెద్ద గిన్నె దించిన. బియ్యం కడిగి నానవోసిన. గంజి వార్చేటాళ్ళకు ఏదో ఒకటి తెలుస్తది.