చేపల తొట్టికి నాలుగు కాళ్ళు

1943 జూన్ 3, చిత్తూరు

మొదలుపెట్టేసినా. మా బెల్లం మండీ వెనక పడున్న పాత మద్ది దూలం తీసుకుంటానంటే నాయన తల ఊపినాడు. అంతే చాలు. బాంబుల భయానికి మద్రాసంతా ఖాళీ అయినప్పుడు మా కాలేజీ జువాలజీ టీచరమ్మ నా చేతికిచ్చిన గాజుతొట్టి, ఏడాదిగా మూలన గడ్డి చుట్టుకొని పడుంది. దానికొక బల్ల కావాల.

అసలు సంగతి అది కాదు. ఆడపిల్లల హైస్కూలు వాళ్ళు సైన్సు చెప్పడానికి రమ్మని రాసిన జాబు... నాయన సంతకం లేనిదే వాళ్ళు తీసుకోరు. నాయనేమో — "వీణ సగం, హిందీ సగం, అల్లిక సగం. ఒక్కటి ముగించి చూపించు పాపా, అప్పుడు మాట్లాడదాం."

సరే. ముగిస్తా.

జూన్ 5

మేకులు యాడా దొరకవు, అన్నీ యుద్ధానికే. అయితే మేకుల్లేకుండానే — కాలికి బెజ్జం తొలిచి, అడ్డపట్టె కొన అందులో దిగగొట్టి, చెక్క సీల వేసేది. వీధి చివర వడ్రంగం చేసే రత్నమాశారిని పనిముట్లు అడిగినా. ఆయుధపూజలో పెట్టినవి ఆడోళ్ళ చేతికియ్యడంట. చాలాసేపు గడ్డం గోక్కొని, పిడి పగిలిన ఉలి ఒకటి తీసినాడు. పోయిన పూజకు దీన్ని పెట్టలేదు, తీసుకపో అన్నాడు.

దేవుడికి తెలియని ఉలి. నాకు సరిపోయింది.

జూన్ 6

బొబ్బలు. కలం పట్టలేను.

జూన్ 9

అమ్మ పోరు. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇంట్లోకి చేపలా అని. తినేదానికి కాదమ్మా, చూసేదానికి అంటే — "చేపను చూసేదేందే?" పక్కింటోళ్ళకు ఏమని చెప్పాలనేది ఆమె దిగులు.

రెండు కాళ్ళకు బెజ్జాలు అయినాయి. మద్ది చెక్క కాదు, రాయికి తోబుట్టువు.

జూన్ 13

అయింది. నాలుగు కాళ్ళకూ వెంట్రుకవాసి తేడా లేదు. హాల్లో నిలబెట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసి పైన పెట్టినా... నీళ్ళన్నీ ఒక అంచుకే పోయినాయి. కొలిచినా. మళ్ళీ కొలిచినా. కాళ్ళు సమానమే. తొట్టి ఇట్లా వాలితే బరువంతా ఒక పక్క గాజు మీద పడుతుంది, పగులుతుంది.

ఏడ్చినా కొంచెం. ఇదీ సగమేనా?

జూన్ 14

ఆశారి వచ్చి చూసి పడీపడీ నవ్వినాడు. "బల్ల సరిగ్గానే ఉండాది అమ్మణ్ణీ. మీ ఇల్లే వాలుండాది."

నిజమే. శుక్రవారం శుక్రవారం అమ్మ బిందెలతో కడిగే నీళ్ళు తూము దారి పట్టాలని, కట్టేటప్పుడే నేలకు వాటం ఇచ్చినారు. ఇరవై రెండేళ్ళు ఆ నీళ్ళలో పాదాలు తడుపుకుంటూ తిరిగి, బీఎస్సీ కూడా చదివి, నాకు తట్టలేదు.

తూము వైపు కాళ్ళ కింద చెక్కపేళ్ళు తోసెయ్ అన్నాడు. ఒప్పుకోలేదు. మొదటి శుక్రవారమే కొట్టుకపోతాయి. ఆ కాళ్ళ కింద పాత పోస్టుకార్డులు ఒకటొకటే దోపుతూ పోయినా, పళ్ళెంలో నీళ్ళు నిలకడగా నిలిచేదాకా. ఆ కార్డుల కట్టనే తీసి, ఎత్తున ఉన్న గోడ వైపు కాళ్ళ పక్కన పెట్టి, దాని ఎత్తుకు గీత గీసినా. అంత కోసేస్తే చాలు.

ఆశారి నవ్వడం ఆపినాడు. కొమ్మలు కోసే మా మొద్దు రంపం చూసి మొహం చిట్లించుకొని, తన సంచిలోంచి సన్న రంపం తీసి, పిడి నా వైపు తిప్పి ఇచ్చినాడు. పూజలో పెట్టిందే. కోసినా.

జూన్ 17

నాయనకు తొట్టి బరువు లెక్క చెప్పినా — నీళ్ళు అయిదు మణుగులు, గాజూ ఇసుకా ఇంకో రెండు. నాయన కాగితాన్ని నమ్మే మనిషి కాదు. మండీ నుంచి ఎనిమిది మణుగుల బెల్లం దిమ్మలు మోయించి బల్ల మీద పేర్పించినాడు. రేపటిదాకా ఉండనీ అన్నాడు.

జూన్ 18

బల్ల కదల్లేదు. ఊళ్ళో చీమలన్నీ కదిలొచ్చినాయి. అమ్మ చీపురు పట్టుకొని తిట్టింది నాయన్ను, నన్ను కాదు.

బెల్లం దించినాక నాయన అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి, తానే ఎక్కి కూర్చున్నాడు. మండీలో అందరూ లేచి నిలబడే మనిషి — కాళ్ళు ఊపుతూ. కిర్రుమని కూడా అనలేదు. నేను చేసిన బల్ల. నేను.

జూన్ 20

నీవా ఏటి ఇసుక, బావి నీళ్ళు, ఏడు బుల్లి చేపలు. నీళ్ళ అంచు గాజు పొడుగునా ఒక్కటే గీత. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఆశారి వంగి సీలలన్నీ తడిమి చూసినాడు. "ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పొద్దు. నీదే చెప్పు."

అమ్మ పీట లాక్కొని తొట్టి ముందర కూర్చుంది. ఒళ్ళో చేట, చేటలో బియ్యం. గంటసేపు ఒక్క రాయీ ఏరలేదు.

జూన్ 22

జాబు తీసి నాయన ముందు పెట్టినా. చదివినాడు. మడిచినాడు. మళ్ళీ విప్పినాడు. కలం అందిస్తే పట్టుకోలేదు. చేపల వైపు చూస్తా అడిగినాడు — "బడికి పొద్దున ఎన్ని గంటలకు పోవల్ల?"

పదికి, అన్నా.

ఊ అన్నాడు. జాబూ, నా చేతిలోని కలమూ జేబులో పెట్టుకొని మండీకి పోయినాడు...