ఫీనిక్స్ ట్రాక్ మీద ఆరు సెకన్లు

ఫీనిక్స్,
అక్టోబర్ 26, ఆదివారం.

శ్రీవారికి నళిని నమస్కారాలు.

రెడ్‌మండ్‌లో మీరూ, రియా క్షేమమని తలుస్తాను. నేను కులాసా అనే మాట మాత్రం ఈసారి కాస్త ఆగి రాస్తాను. నా ఉద్యోగం ఇక్కడ పడ్డాక, రియాకి తెలుగు చదవడం రావాలని మొదలుపెట్టిన ఉత్తరాలే ఇవి. కానీ దీన్ని దానిచేత చదివించకండి. మీరొక్కరే చదవండి.

ముందు మీరు అడిగినవి. నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చినప్పుడు రేసు ట్రాక్ మీద నడపాలంటే ఇక్కడ మూడు దారులున్నాయి. ఊళ్ళోనే గో-కార్టులనే చిన్న రేసు బళ్ళున్నాయి, రియా ఎత్తుకి సరిపోయేవి కూడా. రెండోది ఊరి బయట డ్రైవింగ్ స్కూలు. కారు, హెల్మెట్ వాళ్ళవే. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు, వాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మూడోది ట్రాక్ డే. మన కారే తీసుకెళ్ళి, తనిఖీ చేయించుకుని, మన వంతు వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు నడుపుకోవచ్చు. వేసవిలో ఆ ఎండకి టైర్లూ నిలవవు, మనుషులూ నిలవరు. అందుకే సీజన్ ఇప్పుడే మొదలైంది.

“ఆ ఎడారిలో తిరిగిన చోటే తిరగడంలో ఏముంది?” అని కూడా రాశారు. ఆఫీసులో రోజంతా పదిమందికి జవాబు చెప్పుకుంటాను. హెల్మెట్ పెట్టుకున్నాక నా ముందు ఒక్క మలుపే ఉంటుంది. దాని కోసమే వెళ్ళేదాన్ని.

పద్దెనిమిదో తారీకు శనివారం ట్రాక్ డేకి నా కారు తీసుకెళ్ళాను. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని తనిఖీలో వెనక్కి పంపేశారు. అంత దూరం వచ్చి ఊరికే పోవడమెందుకని, అక్కడే ఉన్న స్కూలు కారు తీసుకున్నాను. ఇన్‌స్ట్రక్టర్ పేరు ఈషాన్. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగబ్బాయి, ముప్పై దాటి ఉంటాయి. నాలుగో రౌండులో, అంచున ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టిన పొడుగాటి దారి చివర, నూటపది మైళ్ళ వేగంలో, కారు ఒక్కసారిగా ఆగిపోయింది. బ్రేకు నేను వేయలేదు. తనే వేశాడు.

“ఆంటీ, ఆర్ యూ ఓకే? నేను బ్రేక్, బ్రేక్ అని యెల్ చేశాను. మీరు వినలేదు.”

“ఎందుకు ఆపావు? బాగానే నడిపాను కదా, ఒక్క కోన్ కూడా తగల్లేదు.”

తను నా మొహంలోకి చూశాడు. “లెఫ్ట్ సైడ్ మూడు కోన్స్ హిట్ చేశారు ఆంటీ.”

నేను నమ్మలేదు. కారులోని కెమెరా వీడియో చూపించాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. తను గొంతు చించుకుని అరుస్తున్నాడు, కోన్లు ఒకదాని వెనక ఒకటి ఎగిరిపోతున్నాయి, నేను ఏమీ ఎరగనట్టు ముందుకే చూస్తున్నాను. ఆరు సెకన్లు. అవి నాకు లేవు, ఎంత వెతుక్కున్నా దొరకలేదు. నా కారు తనిఖీలో నెగ్గి ఉంటే పక్క సీటు ఖాళీగా ఉండేది.

ఈషానే నన్ను ఇంటి దగ్గర దింపాడు. దిగేటప్పుడు, “ప్లీజ్ ఆంటీ, డాక్టర్‌కి చూపించే దాకా డ్రైవ్ చేయకండి” అన్నాడు. చూపించుకున్నాను. బుధవారం తలకి స్కాన్ తీశారు. శుక్రవారం డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. రిపోర్ట్ గురించి ఫోన్‌లో మాట్లాడనంది. నవంబర్ నాలుగు, మంగళవారం రమ్మంది. “ఒంటరిగా రాకండి” అని రెండుసార్లు చెప్పింది.

మీ ఉత్తరంలో ఒక ప్రశ్నకి ఇంకా జవాబు రాయలేదు. మీరు కారు నడుపుతుంటే రియా మాటిమాటికీ “నాన్నా, నీకు వినిపిస్తోందా?” అని అడుగుతోందనీ, ఈ కొత్త అలవాటు ఎక్కడిదనీ అడిగారు.

ఆగస్టులో అది నా దగ్గరున్నప్పుడు గో-కార్టుల నుంచి తిరిగొస్తున్నాం. ఫ్రీవే మీద మేం దిగాల్సిన ఎగ్జిట్ వస్తోందని అనుకోవడం వరకే నాకు గుర్తుంది. తర్వాత చూస్తే అది ఎప్పుడో దాటిపోయింది. వెనక సీట్లో రియా ఏడుస్తోంది. “అమ్మా, ఐ కాల్డ్ యూ సో మెనీ టైమ్స్! ఎందుకు ఆన్సర్ చేయట్లే?”

నిద్ర చాలక అలా అయిందనుకున్నాను. అలా అనుకుందామని అనుకున్నాను. దానితో మాత్రం, “ఆట ఆడానే, నువ్వు భయపడతావో లేదో చూద్దామని” అన్నాను. “నాన్నకి చెప్పకు, నన్ను తిడతారు” అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల రెండు నెలలుగా ఆ మాట నిలబెట్టుకుంటోంది. ఆ తర్వాత కూడా వారం రోజులు దాన్ని కారులో తిప్పాను.

కారు తాళాలు పక్కింటి అనికకి ఇచ్చేశాను. నేనడిగినా ఇవ్వొద్దన్నాను. థాంక్స్‌గివింగ్ దాకా ఆగకండి, నవంబర్ మూడు, సోమవారానికల్లా రండి. ఎయిర్‌పోర్టుకి నేను రాను, టాక్సీలో రండి.

ఇది అందగానే నాకు ఫోన్ చేస్తారని తెలుసు. చేయకండి, ముందు రియాని దగ్గర కూర్చోబెట్టుకోండి. ఆ రోజు అమ్మ ఆట ఆడలేదని చెప్పండి. అది పిలవడమే మంచిదయిందని, ఇంకేదీ దాచక్కర్లేదని చెప్పండి. ఆ తర్వాత ఫోన్ చేయండి. ఫోన్ పక్కనే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
మీ భార్య,
నళిని