ఒడిబియ్యానికి డాక్టరు సర్టిఫికెట్

కంఠేశ్వర్, నిజామాబాద్

వేల్పూర్ నర్సన్న గారికి, కొరియర్ ఆఫీసు నుంచి స్నేహలత నమస్కరించి రాయునది.

దుబాయిలో ఉన్న మీ చెల్లెలు నిరోష గారికి పంపమని మీరిచ్చిన సంచి తెరిచి చూశాం. పసుపు కలిపిన బియ్యానికి ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎండుకొబ్బరి కుడుకల్లో నూనె ఉంటుంది, వేడికి అంటుకుంటాయని విమానంలో వేసుకోరు. వక్కలు, తమలపాకులు అక్కడ నిషేధం. గసగసాల సంగతి మరీ ముఖ్యం. ఆ దేశంలో వాటిని మత్తుమందు కింద చూస్తారు. దొరికితే పట్టుకునేది పంపిన మిమ్మల్ని కాదు, అందుకున్న ఆమెను. అందుకని సంచి వాపసు పంపుతున్నాను.

పైగా అందుకునేవారి ఫోన్ నంబరు దగ్గర మీ నంబరే రాశారు. ఆమెది కావాలి.

ఇట్లు,
స్నేహలత

తా.క. రవిక గుడ్డ మీద ఎలాంటి అభ్యంతరం లేదు.


వేల్పూర్

స్నేహలత మేడంకు నర్సన్న రాసేది. మేమందరం మంచిగున్నం, మీరు మంచిగుండాలె.

ఫోన్ చేస్తే "రూల్ అండీ" అని పెట్టేస్తున్నరు, అందుకే రాస్తున్న. సంచి వాపస్ వచ్చింది. మా ఇంటామె చూసి ఏడ్చింది. ఆడబిడ్డ కొంగుల పుట్టింటోళ్ళు పోసే ఒడిబియ్యం వాపస్ వచ్చుడు మా ఇంటా వంటా లేదు.

బియ్యం ఆరోగ్యం మీద మీకు అనుమానం వచ్చింది. అవి అంగట్ల కొన్నయి కావు, మా మడిల పండినయి. అయినా మీ మాట తీసెయ్యకుండ మా ఊరి రామ్‌దాస్ డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన ముట్టి చూసిండు, వాసన చూసిండు, నాలుగు గింజలు నమిలిండు, సర్టిఫికెట్ రాసి స్టాంపు గుద్దిండు. కుడుకలు అంటుకుంటయన్నరు. ఎన్ని పెండ్లిళ్ళు చూసిన్నో, ఒక్క కుడుక అంటుకోలే. పాతయి అయితే అంటుకుంటయేమో అని నిజామాబాద్‌ల కొత్తయి కొన్న. ఆకులు వాడినయని వద్దన్నట్టున్నరు, ఈసారి తడిబట్టల చుట్టిన. గసగసాలు మాత్రం తీసేసిన. నా చేత్తోని చెల్లెను జైలుకు పంపుతనా?

మేడం, ఒక్క మాట చెప్త. మా బాపు పోయినంక చెల్లె మొన్న ఫోన్ల అన్నది, "ఇగ నాకు ఒడిబియ్యం ఎవరు పోస్తరే అన్నా, నాకు పుట్టిల్లు యాడున్నది?" అని. బాపు లేకుంటే నేను లేనా? ఆమెకు సెలవు దొరుకది, నాకు పాస్‌పోర్ట్ లేదు. బియ్యమన్న పోవాలె గద.

మీ
నర్సన్న

తా.క. ఆమె నంబర్ ఇయ్య. ఇస్తే మీరు ముందుగాల్నే చెప్పేస్తరు. బియ్యం చూసినంకనే ఆమెకు తెలువాలె.


కంఠేశ్వర్

నర్సన్న గారికి,

రెండో సంచి అందింది. డాక్టరు గారి సర్టిఫికెట్‌ను మా మేనేజరు జగన్మోహనరావు గారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు. అందులో రోగి పేరు "బియ్యం" అనీ, వయసు "పోయిన వానాకాలం" అనీ, "జ్వరం లేదు, ప్రయాణం చేయవచ్చును" అనీ ఉంది. ఇది చెల్లదు. పంటల తెగుళ్ళు చూసి పత్రం ఇచ్చే అధికారులు వేరే ఉంటారు. మీలా ఇంటి మూట తెచ్చినవాళ్ళకు అది వచ్చిందని మా ఆఫీసులో ఎవరూ వినలేదు.

కుడుకలు కొత్తవైనా పాతవైనా ఒకటే. ఆకులు తాజాగా ఉన్నా నిషేధమే. మీ వస్తువులు మంచివి కావని మేం ఎక్కడా అనలేదు. మంచివైనా వెళ్ళవు. ఫోన్ నంబరు లేకుంటే రవిక గుడ్డ కూడా కదలదు. అందుకని ఈ సంచీ వాపసు పంపుతున్నాను.

మీ బాపు సంగతి చదివి బాధ కలిగింది. కానీ ఆ బాధను రాసుకోవడానికి మా ఫారంలో కాలమ్ లేదు.

ఇట్లు,
స్నేహలత

తా.క. సంచి అడుగున "మేడంకు" అని చీటీ పెట్టిన నువ్వుల ముద్దలు దొరికాయి. అవి దేశం దాటేవి కావు కనుక స్వీకరించాం. మేనేజరు గారికి ఇంకా కావాలట, ఆ మాట నేను రాసినట్టు చెప్పకండి.


వేల్పూర్

మేడంకు,

బాగలేకుంటే మారుస్త. మంచియి అయినా పోవంటే ఇగ ఏం తెచ్చి మార్చాలె? నాకు సమజైంది, మీ తప్పు లేదు. నాకు కోపం రాలే, దుఃఖం వస్తున్నది.

చెల్లె నంబర్ వేరే చీటీ మీద రాసి ఇండ్లనే పెట్టిన. మీరే ఫోన్ చేసి చెప్పుండ్రి, మీ అన్న పంపిండు, రూల్ ఆపింది అని. నేను చెప్తే సాకులు చెప్తున్ననుకుంటది. ఆఫీసోళ్ళు చెప్తే నమ్ముతది.

నర్సన్న

తా.క. బియ్యం మూట దేవుని అర్రల పెట్టిన. మా ఇంటామె వండుతనన్నది, వద్దన్న. చెల్లె పేరు మీద కలిపినయి మాకెట్ల దిగుతయి?


కంఠేశ్వర్

నర్సన్న అన్నకు,

మీరు చెప్పినట్టే నిరోష గారికి ఫోన్ చేశాను. ఆఫీసు పని కనుక ఏ వస్తువు ఎందుకు ఆగిందో వరుసగా చదివి వినిపించాను. డాక్టరు సర్టిఫికెట్ దగ్గర పడి పడి నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. ఆఫీసు ఫోన్‌లో అంతసేపు ఉండకూడదు, అయినా నేను పెట్టలేదు.

ఏడుపు ఆపుకుని, "మేడం, ఇక్కడి నుంచి చీర పంపనిస్తరా?" అని అడిగింది. చీరలకు అడ్డు లేదన్నాను.

ఆ చీర ఈ రోజు మీ పేరున వచ్చింది. ఆమె కట్టుకునేదే. మీతో చెప్పమన్న మాట ఇది: "బియ్యం నా దగ్గరికి రాకుంటే నా కొంగే అన్న దగ్గరికి వస్తది. మా ఇంట్ల, మా అన్న చేతులతోని అండ్ల పొయ్యుమను. నేను ఫోన్ల చూస్త."

ఇట్లు,
స్నేహలత

తా.క. కొంగు పట్టడానికి మనిషి కావాలి కదా, ఎవరని అడిగాను. "ఇన్ని దినాలు ఆపింది మీరే గద మేడం, మీరే పట్టుండ్రి" అంది. మా నిబంధనలన్నీ తిరగేశాను, దీనికి అడ్డేమీ కనబడలేదు. ఆదివారం నిరోష చీర కట్టుకుని వేల్పూర్ బస్సెక్కుతున్నాను.